ఊరూ వాడా ఒకటైపోయిన చోట: స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మీద విమర్శ

తెలుగు సాహిత్య విమర్శ కవితని చూసింది, కథని చూసింది, నవలని, ఆత్మకథని, ఆఖరికి పీఠికల్ని కూడా వదలకుండా చూసింది. కానీ ఏటా సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా హైదరాబాదులో, వరంగల్లులో, విజయవాడలో, విశాఖపట్నంలో వేలమంది ఇరవై రెండేళ్ళ పిల్లలు కూర్చుని రాస్తున్న ఒక వచన ప్రక్రియ మాత్రం దాని కంటికి ఆనలేదు. దాని పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. పిల్లలు ఎస్‌ఓపీ అంటారు. రెండు పేజీలుంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది. అమెరికా పోయి కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునేవాళ్ళు తామెవరో, ఇంతదాకా ఏం చేశారో, ఇక ముందు ఏం చెయ్యదలిచారో అందులో చెప్పుకోవాలి. అచ్చుకి రాదు కాబట్టి అది సాహిత్యం కాదని కొందరనొచ్చు. కానీ మన పిల్లల్లో చాలామంది జీవితంలో తమ గురించి తాము రాసుకునే మొదటి వచనం అదే, చాలామందికి చివరిది కూడా అదే. ఆ వచనాన్ని ఎవరి మూసలో పోసి రాయిస్తున్నారు, ఆ మూసలో ఎవరు కుదురుతున్నారు, ఎవరు తమని తాము కత్తిరించుకోవాల్సి వస్తోంది అని అడగటం విమర్శ పనేనని మేము భావిస్తున్నాం.

కొన్నేళ్ళుగా మా హాస్టలు గదుల్లోకి ఈ కాగితాలు వస్తున్నాయి. గురుకులాల్లో చదివి, 2008లో పెట్టిన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లోనో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఏదో ఒక అఫిలియేటెడ్ కాలేజీలోనో ఇంజినీరింగ్ చేసిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "అన్నా, ఇంగ్లీషు ఒకసారి దిద్దిపెట్టు" అని తెచ్చి ఇస్తున్నారు. మాది సామాజిక శాస్త్రం, కంప్యూటర్ల సంగతి మాకు అంతంతమాత్రం. అయినా దిద్దాం. దిద్దుతూ పోగా పోగా తెలిసిందేమంటే తప్పు ఇంగ్లీషులో లేదు.

మొదటి వాక్యం దగ్గరే చూడండి. చిన్నప్పుడు నాన్న కంప్యూటర్ కొనిపెట్టాడు, దాని ముందు కూర్చున్నప్పటి నుంచీ నాకు అదే లోకం. పది కాగితాల్లో ఆరేడింటి ఎత్తుగడ ఇదే. ఇట్లా రాసుకొచ్చిన ఒక తమ్ముణ్ణి ఏ కంప్యూటరురా అది అని అడిగాం. వాడు మౌసు పట్టుకున్నది గురుకులంలో తొమ్మిదో తరగతిలో, ఒక సిస్టమ్‌కి నలుగురు. వాళ్ళ నాన్న అప్పటికి మార్కెట్ యార్డులో హమాలీ. మరి ఇదెందుకు రాశావంటే, "అందరూ అట్లనే రాస్తున్నరు గదన్నా" అన్నాడు. వాడు అబద్ధం ఆడుతున్నాడని మాకనిపించలేదు. కవిత్వం రాసేవాడు చంద్రుణ్ణి తెచ్చినట్టు వాడు ప్రక్రియ నియమాన్ని పాటించాడు, అంతే. ఈ నియమం పెట్టింది అమెరికా కూడా కాదు. చిన్నప్పటి ముచ్చట్లతో మొదలుపెట్టొద్దని అడ్మిషన్ల కమిటీల్లో కూర్చునే ప్రొఫెసర్లే చెబుతుంటారు. ఇది అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో తయారైన అచ్చు. కంప్యూటరు కొనగల తండ్రులున్న పిల్లల కాగితాల మీద నుంచి ఎత్తి రాసుకుంటూ రాసుకుంటూ వచ్చి, చివరికి హమాలీ కొడుకు చేత కూడా లేని కంప్యూటరు కొనిపించింది.

రెండో పేరాలో ఊరు వస్తుంది. ‘ఐ కమ్ ఫ్రమ్ ఎ రిమోట్ విలేజ్’. ఈ వాక్యం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తెలుగులో మనకి ఊరు వేరు, వాడ వేరు. కోస్తాలో పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. ఊరి బావి, ఊరి గుడి, ఊరి పెద్దలు అన్నప్పుడు ఆ ఊరిలో మనం లేమని వేరే చెప్పనక్కర్లేదు, మాటే చెబుతుంది. ఇంగ్లీషు ‘విలేజ్’ దగ్గరికొచ్చేసరికి ఆ గీత చెరిగిపోతుంది. ఊరి మధ్య మేడలో పుట్టినవాడూ రిమోట్ విలేజే, ఊరి చివర వాడలో పుట్టినవాడూ రిమోట్ విలేజే. తండ్రి కూడా అంతే. యాభై ఎకరాలున్నవాడి కొడుకు ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అని రాస్తాడు, ఆ యాభై ఎకరాల్లో కూలికి పోయేవాడి కొడుకూ ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అనే రాస్తాడు. మనవాడెందుకు అట్లా రాస్తాడు? కూలి అని రాయడానికి నామోషీ కొంత. కూలి అంటే ఫీజు ఎవరు కడతారని అడుగుతారేమోనన్న భయం ఇంకొంత. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మేడలోని వాడు తన ఊరి పేదరికాన్ని తన కష్టంగా రాసుకోగలుగుతున్నాడు. వాడలోని వాడు తన కష్టాన్ని తనదని రాసుకోలేకపోతున్నాడు. ఒకే మాట ఒకడికి నగ అయితే ఇంకొకడికి ముసుగవుతోంది. భాష తటస్థమైనదని ఇంకా నమ్మే భాషావేత్తలెవరైనా ఉంటే ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

బ్యాక్‌లాగుల సంగతి మరీ విచిత్రం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో ఇంగ్లీషు పాఠాల మధ్య పడ్డ పిల్లలకి మొదటి ఏడు రెండు మూడు సబ్జెక్టులు పోవడం మామూలు. మూడో ఏడాదికి వాళ్ళే తొంభైలు తెచ్చుకుంటారు. నిజానికి ఒక కాగితంలో చెప్పుకోదగ్గ సంగతంటూ ఉంటే అదే. కానీ ఒక చెల్లెలికి కన్సల్టెన్సీవాళ్ళు ఇచ్చిన సలహా ఏంటో తెలుసా? ఆ ఏడు పచ్చకామెర్లు వచ్చాయని రాయమన్నారు. జబ్బు అయితే సానుభూతి ఉంటుందట, తెలుగు మీడియం అంటే తెలివితక్కువ అనుకుంటారట. ఒక చారిత్రక అన్యాయాన్ని కాలేయం జబ్బుగా మార్చి రాసే ప్రక్రియని ఏమనాలో మాకు తెలియలేదు.

ఎస్‌ఓపీ పక్కనే ఇంకో మూడు కాగితాలుంటాయి. అవి అభ్యర్థి రాసేవి కావు, అభ్యర్థి గురించి పెద్దలు రాసేవి. సిఫారసు ఉత్తరాలు. వందమంది అడిగితే పదిమందిని కూడా తీసుకోని ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్, బర్క్‌లీ వంటి చోట్ల, ముఖ్యంగా పీహెచ్‌డీకి, నిర్ణయం జరిగేది చాలావరకు ఈ ఉత్తరాల దగ్గరే. కార్నెగీ మెలన్‌లో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ మోర్ హార్కోల్-బాల్టర్ పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్ళ కోసం రాసిపెట్టిన మార్గదర్శకం ఒకటుంది. కమిటీల్లో కూర్చున్న అనుభవంతో దాపరికం లేకుండా రాసింది. అందరూ చదవాల్సిందే, మేమూ చదివి లాభపడ్డాం. ఆమె చెప్పేదాని సారాంశం: మార్కులకన్నా పరిశోధన అనుభవం ముఖ్యం, ఆ పరిశోధనని దగ్గరుండి చూసినవాళ్ళ ఉత్తరాలు అన్నిటికన్నా ముఖ్యం, ఫలానా విద్యార్థి నా క్లాసులో బాగా చదివాడు అనే ఉత్తరానికి దాదాపు సున్నా విలువ. ఇందులో ఆమె తప్పేమీ లేదు. లోపల ఆట ఎట్లా నడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్పింది. కానీ దీన్ని మన అఫిలియేటెడ్ కాలేజీలో కూర్చుని చదివి చూడండి. పరిశోధన అనే మాట న్యాక్ కమిటీ వచ్చిన వారంలో తప్ప వినపడని చోట, సిఫారసు ఉత్తరం అంటే విద్యార్థే టైపు చేసుకుని పోతే హెచ్‌ఓడీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టే చోట, ఆ సంతకానికి కూడా వారం రోజులు స్టాఫ్‌రూమ్ బయట నిలబడాల్సిన చోట, పరిశోధనని దగ్గరుండి చూసినవాడు ఎక్కడినుంచి వస్తాడు? మాకు తెలిసిన ఒక కాలేజీలో ఒక అధ్యాపకుడు సంతకం పెడుతూ పెడుతూ "మీకు అక్కడ కూడా రిజర్వేషన్ ఉందా?" అని అడిగాడట. నవ్వుతూనే అడిగాడట. ఆ ఉత్తరంలో ఏం రాసుందో కన్నా ఆ నవ్వులో ఏముందో మాకు బాగా అర్థమవుతుంది.

ఇక్కడ మన ఉద్యమం తనని తాను ప్రశ్నించుకోవాల్సిన చోటు ఒకటుంది. ప్రవేశ పరీక్షల మెరిట్‌ని మనం ఎప్పటినుంచో ఎండగడుతున్నాం, సరిగ్గానే ఎండగట్టాం. ఇప్పుడు ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ వంటి చోట్ల కంప్యూటర్ సైన్స్ విభాగాలు జీఆర్‌ఈ అడగటమే మానేశాయి. ఇరవై వేల రూపాయలు పైన పెట్టి రాయాల్సిన పరీక్ష పోయిందని సంతోషించాం కూడా. కానీ పరీక్ష పోయిన చోట ఏమొచ్చి కూర్చుంది? ఉత్తరం, పరిచయం, ల్యాబు, ఎవరి శిష్యుడివనే గురుపరంపర. పరీక్ష పెట్టింది ఎవరైనా పేపరుకి మన ఇంటిపేరు తెలియదు. ఉత్తరం రాసేవాడికి తెలుసు. పరీక్ష పోవాలా ఉండాలా అని మేము తీర్పు చెప్పడం లేదు. కొలబద్ద మారినప్పుడల్లా అది ఎవరి చేతిలో ఉందో చూడాలంటున్నాం.

అజంతా సుబ్రమణియన్ 2019లో రాసిన ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ పుస్తకం మద్రాసు ఐఐటీని ఆధారం చేసుకుని ఈ సంగతే చరిత్రతో సహా చూపించింది. అగ్రకులం తన కులాన్ని విడిచిపెట్టి ప్రతిభావంతుడు కాలేదు, కులమే ప్రతిభ వేషం కట్టిందని ఆమె వాదన. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు వచ్చింది 1973లో. అప్పటికే అమెరికాకి దారి పడి ఉంది, 1965 వలస చట్టం తర్వాత మొదటి తరం వెళ్ళి కుదురుకుని ఉంది. అమెరికాలోని భారతీయుల్లో దళితులూ, కింది కులాలవాళ్ళూ కలిపి ఒకటిన్నర శాతమేనని 2003 నాటి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అధ్యయనం లెక్క కట్టింది. ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్, గురుకులాలు, విద్యానిధులు వచ్చాయి, మనోళ్ళు కూడా కొందరు పోయారు. అయినా అక్కడ సీనియరు, అక్కడ మామయ్య, అక్కడ ల్యాబులో తెలిసిన పోస్ట్‌డాక్ అనే మూడు నిచ్చెనలు ఎవరి ఇళ్ళలో ఉన్నాయో లెక్కలు లేకుండానే చెప్పొచ్చు.

కులం గురించి రాయాలా వద్దా? మా దగ్గరికి వచ్చిన ప్రతి కాగితం మీదా జరిగిన అసలు చర్చ ఇదే. రాయమని మాలో కొందరన్నారు. అమెరికావాళ్ళు వైవిధ్యాన్ని విలువగా చూస్తారు, అనేక యూనివర్సిటీలు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌తో పాటు సొంత చరిత్ర చెప్పుకునే ఇంకో కాగితం కూడా అడుగుతాయి, దాచుకోవడం ఎందుకని. వద్దని ఇంకొందరన్నారు. అవతల చదివేవాళ్ళలో మనదేశం నుంచి పోయిన ప్రొఫెసర్లు కూడా ఉంటారు కదా! తెల్లవాడికి అర్థం కాని మాట వాళ్ళకి అర్థమవుతుంది, అదే భయం. ఇది ఊరికే పుట్టిన భయం కాదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద వేసిన దావాలో ఆరోపణ ఏమిటి? బొంబాయి ఐఐటీలో చదివిన దళిత ఇంజినీరు రిజర్వేషన్ మీద సీటు తెచ్చుకున్నాడని అదే చోట చదివిన పై అధికారి తోటివాళ్ళకి చెప్పాడని. కంపెనీ కాదంది. 2023లో ఆ శాఖ ఇద్దరు ఇంజినీర్ల మీద కేసు వెనక్కి తీసుకుని కంపెనీ మీద కొనసాగించింది. కోర్టు సంగతి ఎట్లా ఉన్నా, ఆ వార్త చదివిన మన పిల్లలకి ఒకటి తెలిసిపోయింది: అడ్మిషన్ రిజిస్టరు సముద్రం దాటి కూడా వెంట వస్తుంది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019 చివర్లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కులవివక్షని తమ నిబంధనల్లో పేరు పెట్టి నిషేధించాయి. కాలిఫోర్నియా చట్టసభలు ఆమోదించిన బిల్లుని మాత్రం 2023 అక్టోబరులో గవర్నరు వీటో చేశాడు. అంటే ఆ ఇంట్లో కూడా తలుపు సగం తెరిచి సగం మూసి ఉంది.

రాయాలా దాచాలా అనే ప్రశ్నలోనే ఒక ఉచ్చు ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. రాసినవాళ్ళ కాగితాలు కూడా మాకు నచ్చలేదు. ఎందుకంటే రాస్తే ఎట్లా రాయాలో కూడా ఆ ప్రక్రియే చెబుతుంది. మొదట అవమానం, తర్వాత పట్టుదల, చివర గెలుపు. స్కూల్లో వేరేగా కూర్చోబెట్టారు, అయినా నేను చదివాను, ఇదిగో నా సీజీపీఏ. కులం ఇక్కడ ఒక అడ్డంకి పరుగుపందెంలో దూకాల్సిన కర్ర అయిపోతుంది. దూకేశాడు కాబట్టి అది వెనకబడిపోయింది. దూకలేకపోయిన అక్క, మధ్యలో చదువు మానిపించి పెళ్ళి చేసిన అక్క, ఆమె కూలి డబ్బుతో కట్టిన పరీక్ష ఫీజు ఈ కాగితంలో ఎక్కడా ఉండవు. ‘నేను’ ఒక్కడే ఉంటాడు. మన ఆత్మకథల్లో ‘నేను’ ఎప్పుడూ ఒంటరిగా లేదు. వరంగల్ ఆర్‌ఈసీలో ఫిజిక్స్ చదివి, మద్రాసు ఐఐటీలో పరిశోధన చేసి, అమెరికా పోయి, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక న్యూయార్కు సబ్‌వేలో కండక్టరైన గిడ్ల సుజాత 2017లో ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ ప్రచురించింది. తన కథ చెప్పాల్సిన పుస్తకంలో సగానికి పైగా మేనమామ సత్యమూర్తి, తల్లి మంజుల కథలే. గెలుపుతో ముగిసే పుస్తకం కాదది. ఎస్‌ఓపీకి ఇంతకన్నా ఎదురు నిలిచే వచనం ఇంకోటి లేదు. ఆ పుస్తకాన్ని రెండు పేజీలకు కుదించి అడ్మిషన్ల కమిటీకి పంపితే ‘పర్పస్ ఏది?’ అని అడుగుతారు.

అమెరికా తన నల్లవాళ్ళ విషయంలో కూడా ఇక్కడికే వచ్చి చేరింది. 2023 జూన్ 29న అక్కడి సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో జాతిని లెక్కలోకి తీసుకునే ప్రవేశాల్ని కొట్టేసింది. అయితే జాతి తన జీవితాన్ని ఎట్లా తాకిందో అభ్యర్థి వ్యాసంలో రాసుకోవచ్చు, యూనివర్సిటీ అతన్ని వ్యక్తిగానే చూడాలి అంది. సమూహంగా హక్కు అడగొద్దు, వ్యక్తిగా కథ చెప్పుకో అన్నమాట. హక్కు స్థానంలో కథ వచ్చి కూర్చున్నప్పుడు బాగా కథ చెప్పగలిగినవాడిదే రాజ్యం.

ఇంత కష్టపడి ఆ పెద్ద యూనివర్సిటీలకే ఎందుకు, చిన్నవి చాలవా అని అడిగేవాళ్ళున్నారు. సత్య నాదెళ్ళ ఎంఎస్ చేసింది మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, అది జనం పేరు చెప్పుకుని మురిసే చోటేమీ కాదు, అయినా మైక్రోసాఫ్ట్‌కి అధిపతి కాలేదా అంటారు. నిజమే. కానీ ఎవరి డబ్బుతో చదువుతాం అనేది తేలకుండా ఆ మాట చెప్పలేం. అమెరికాలో ఎంఎస్‌కి మామూలుగా డబ్బు మనమే కట్టుకోవాలి, మొదటి ఏడాది ఖర్చుకి డబ్బుందని కాగితాలు చూపిస్తేగానీ ఐ-20 రాదు, ఐ-20 లేకుండా వీసా ఇంటర్వ్యూ లేదు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. కాలనీలో ఇందిరమ్మ ఇల్లు, ఎకరం అసైన్డ్ పట్టా తప్ప ఏమీ లేనివాడు ఏం చూపిస్తాడు? అందుకే నాలుగు రోజులకి ఖాతాలో డబ్బు వేసి చూపించి వడ్డీ గుంజుకునే వ్యాపారం ఒకటి పుట్టింది.

మరి ప్రభుత్వాలు? తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ విద్యార్థికి ఇరవై లక్షలు. మంచి పథకమే, దాని మీద పోయినవాళ్ళు మాలో ఉన్నారు. కానీ మొదటి పది లక్షలు అక్కడ దిగాక, దిగినట్టు కాగితం పంపాక. రెండో పది మొదటి సెమిస్టరు ఫలితాలు చూపించాక. దిగడానికి ముందు కావలసిన డబ్బు దిగిన తర్వాత వస్తుంది. ఆ సందులోనే వడ్డీవ్యాపారి ఉన్నాడు. ఆంధ్రలో 2022లో బాబాసాహెబ్ పేరు తీసి ముఖ్యమంత్రి పేరు పెట్టినప్పుడు క్యూఎస్ ర్యాంకుల్లో 200 లోపు ఉన్న చోట్లకే సాయమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక పేరు తిరిగొచ్చింది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి 500 లోపు ర్యాంకు కావాలి, డిగ్రీలో 60 శాతం కావాలి, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదు. దేశం మొత్తానికి సీట్లు 125, అందులో ఎస్సీలకు 115. 2025లో 106 మందిని ఎంపిక చేసి మొదట నలభై మందికే ఉత్తరాలిచ్చారు, మిగిలినవాళ్ళకి నిధులుంటే చూస్తామన్నారు. ఇప్పుడు అర్థమవుతుంది కదా, ఎంపికలో గట్టిగా వడపోసే యూనివర్సిటీలు మన పిల్లలకి గొప్ప కోసం కాదు. మనదేశపు పేదవాడికి డబ్బివ్వాలా వద్దా అనేది లండన్‌లో తయారయ్యే ర్యాంకుల పట్టికకి వదిలేశారు. ఆ డబ్బు మాల, మాదిగ, రెల్లి, డక్కలి, బుడగజంగాల్లో ఎవరి ఇళ్ళకి చేరుతోందో విడివిడిగా అచ్చువేస్తే ఇంకో విమర్శ రాయొచ్చు, అది మనమీదే రాసుకోవాల్సి వస్తుంది.

పీహెచ్‌డీ సంగతి వేరు. ఆ పెద్ద విభాగాల్లో పీహెచ్‌డీకి తీసుకుంటే ఫీజు వాళ్ళే కట్టుకుని నెలనెలా జీతం లాంటిది ఇస్తారు. ఐ-20కి ఆ ఆఫర్ కాగితమే చాలు. ఎంఐటీ ఈఈసీఎస్ అయితే బయటివాళ్ళని ఉత్త మాస్టర్స్‌కి తీసుకోనే తీసుకోదు, పీహెచ్‌డీకే. ఆస్తి లేనివాడికి నిజంగా తగిన తలుపు ఇది. ఈ సంగతి మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఎవరికీ తెలియదు. కన్సల్టెన్సీవాడు చెప్పడు, వాడికి కమీషన్ వచ్చేది ఫీజు కట్టే చోట్ల నుంచే. డబ్బు అడిగే తలుపు మనకి చూపించారు, డబ్బిచ్చే తలుపు దగ్గర ఆ మూడు ఉత్తరాలు కాపలా ఉన్నాయి. అప్లికేషన్ ఫీజు మాఫీ కూడా బర్క్‌లీ వంటి చోట్ల అమెరికా పౌరులకీ, శాశ్వత నివాసులకే. నల్గొండ నుంచి రాసేవాడు పూర్తిగా కట్టాలి.

1913 గుర్తొస్తుంది. 1907లో 750కి 282 మార్కులతో మెట్రిక్ గట్టెక్కి, 1912లో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ నుంచి బీఏ అయిన ఒక మహర్ యువకుడు, బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకిచ్చిన వేతనంతో కొలంబియాలో చేరాడు. ఆ మార్కుల పట్టీ ఈరోజు కన్సల్టెన్సీ బల్ల మీద పెడితే ‘ప్రొఫైల్ వీక్’ అని పక్కన పడేస్తారు. మూడేళ్ళు తిరక్కుండానే, 1916 మేలో, గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో ఆయన ‘కాస్ట్స్ ఇన్ ఇండియా’ చదివాడు. 1917లో బరోడా తిరిగొస్తే ఉండటానికి ఇల్లు దొరకలేదు, పార్శీ సత్రం నుంచి గెంటేశారు. గెలుపుతో ముగిసే ఎస్‌ఓపీ మూసలో బాబాసాహెబ్ జీవితం కూడా ఇమడదని గమనించాలి.

2022లో కేంద్రం ఆ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలకి డబ్బివ్వమని చేర్చింది. సామాజిక శాస్త్రాల వాళ్ళం మేము గొడవ చేశాం. ఇంజినీరింగ్ పిల్లలకి దీంతో పనేముందిలే అనుకున్నాం. పొరపాటు మాదే. మన పత్రికలూ మన స్టడీ సర్కిళ్ళూ సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, సాహిత్యం చుట్టే తిరిగాయి తప్ప కంప్యూటర్ సైన్స్ చదివే మన పిల్లవాడికి ఒక పరిశోధన ప్రశ్న ఉండొచ్చని మేము అనుకోలేదు. వాడికి ఉద్యోగం ఉంటే చాలనుకున్నాం.

ఆ పచ్చకామెర్ల చెల్లెలే మా కళ్ళు తెరిపించింది. కాగితం మొత్తం పక్కన పడేసి, నీకు కంప్యూటర్‌తో నిజంగా ఏం చెయ్యాలనుందో తెలుగులో చెప్పమన్నాం. వాళ్ళమ్మ ఫోన్లో మాట్లాడి టైపు చేయించబోతే అది అమ్మ మాటని రాయదట, ఇంకేదో రాస్తుందట. తాను పుస్తకం తెలుగులో మాట్లాడితే రాస్తుందట. "మా అమ్మ మాట తప్పా అన్నా, దాని చెవి తప్పా?" అంది. తర్వాత ఇంకోటి అడిగింది: ఉద్యోగాల దరఖాస్తుల్ని ఏరే ప్రోగ్రాముకి ఇంటిపేరు తెలిస్తే కులం తెలిసినట్టేనా? ఈ రెండూ అచ్చమైన కంప్యూటర్ సైన్స్ ప్రశ్నలు. పెద్ద భాషా నమూనాలు భారతదేశపు కులమతాల విషయంలో ఎంత మూసగా మాట్లాడతాయో కొలవడానికి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ‘ఇండియన్-భేద్’ అనే దత్తాంశం తయారుచేశారు. అంటే ఈ ప్రశ్నకి అక్కడ చోటుంది. ఆ చెల్లెలికి అది చూపిస్తే, "ఇది నాకే వచ్చిందనుకున్న, వేరేవాళ్ళకూ వచ్చిందా" అని కాస్త నిరాశపడి, మళ్ళీ సంతోషపడింది. కానీ ఇంటిపేరు, కులం, అల్గారిథం అని రాస్తే ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో అది ఇంజినీరింగా, భారత సామాజిక అధ్యయనమా? ఈ ప్రశ్నకి మాకు తెలిసిన ఏ ఆఫీసులోనూ జవాబు దొరకలేదు.

కొత్తగా రాసిన కాగితంలో చిన్నప్పటి కంప్యూటర్ లేదు, పచ్చకామెర్లు లేవు. ఫస్టియర్‌లో రెండు సబ్జెక్టులు ఎందుకు పోయాయో రెండు వాక్యాల్లో ఉంది. మొదటి పేరాలోనే అమ్మ మాట, ఫోను చెవి వచ్చాయి. వాడ అనే మాటని ‘విలేజ్’ అనకుండా వాడ అనే ఉంచి, అదేంటో ఒక్క వాక్యంలో విప్పింది. గెలిచానని ఎక్కడా రాయలేదు, ఇంకా గెలవలేదు కాబట్టి. మేము ఇంగ్లీషు తప్ప ఏమీ దిద్దలేదు, అదీ కొంచెమే.

ఉత్తరాల్లో ఒకటి ఆమె ఫైనలియర్ ప్రాజెక్టు నిజంగా చూసిన ఒక యువ అధ్యాపకురాలు రాసింది. రెండోది ఒక వేసవి పని చేయించుకున్న చోటు నుంచి వస్తుందన్నారు. మూడో ఉత్తరం రాసేవాళ్ళ కోసం ఇంకా తిరుగుతున్నాం. గడువు డిసెంబరు పదిహేను.